నలుగురైదుగురున్న ఇంట్లో సామాను తగ్గించడం ఎలా: వంటగట్టు నుంచి అటక దాకా

ఇల్లు సర్దాలనుకోగానే చాలామంది నిచ్చెన వేసి అటక ఎక్కుతారు. మధ్యాహ్నానికి హాలంతా పాత బిందెలు, ట్రంకు పెట్టెలు, దుమ్ము. సాయంత్రానికి ఓపిక అయిపోతుంది, పిల్లలు ఆకలంటారు, దింపినవన్నీ మళ్లీ పైకి ఎక్కుతాయి. అసలు అటక మీదున్న సామాను రోజూ ఎవరికీ అడ్డం రాదు. అడ్డం వచ్చేదంతా వంటగట్టు మీద, గుమ్మం దగ్గర, మంచం మీద, కుర్చీ వీపు మీద ఉంటుంది. పని అక్కడే మొదలుపెట్టి అటకను ఆఖరికి వదిలేయండి.

రెండో తప్పు, ఒక్కో వస్తువును చేతిలోకి తీసుకుని "ఇది ఉంచాలా, వద్దా" అని కూర్చోవడం. ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందనే అనిపిస్తుంది, ఏదీ కదలదు. దాని బదులు ముందు చోటు నిర్ణయించండి. స్టీలు డబ్బాలకు ఈ రెండు అరలు, కవర్లకు ఈ ఒక్క సంచి, దుప్పట్లకు బీరువా కింది అర. ఆ చోట్లో ఎన్ని పడితే అన్ని ఉంటాయి, మిగిలినవి వెళ్లిపోతాయి. ముందు మంచివి సర్దుకుంటాం కాబట్టి మిగిలేవాటి గురించి పెద్దగా బెంగ ఉండదు. ఇంట్లో మాటా మాటా పెరగదు కూడా. "నీ సామాను పనికిరాదు" అనడం వేరు, "ఈ అరలో పట్టినన్ని ఉంచుకుందాం, ఏవి ఉంచాలో నువ్వే చెప్పు" అనడం వేరు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మూడు ఖాళీ బియ్యం సంచులు, ఒక అట్టపెట్టె, నల్ల మార్కర్, తెల్ల టేపు, ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ. సంచుల మీద పెద్ద అక్షరాలతో ఇచ్చేవి, అమ్మేవి, పారేసేవి అని రాయండి. అట్టపెట్టె మీద "అడగాల్సినవి" అని రాయండి.

నాలుగింట్లో ముఖ్యమైనది ఆ అట్టపెట్టే. మీ వస్తువు కానిది, ఎవరిదో తెలియనిది, పారేస్తే ఎవరైనా నొచ్చుకుంటారని అనుమానం ఉన్నది అందులోకి వెళుతుంది. భర్త పాత డైరీ, అత్తగారి చిల్లుపడ్డ కంచు గిన్నె, కూతురు రెండో తరగతిలో వేసిన బొమ్మ, ఏవీ వాళ్లని అడగకుండా బయటికి పోకూడదు. ఒక్కసారి అడగకుండా పారేస్తే ఆ తర్వాత మీరు ఏ అర తెరిచినా ఇంట్లోవాళ్లు వెనకే వచ్చి నిలబడతారు.

రోజుకు ముప్పై నలభై నిమిషాలు, ఒక అర లేదా ఒక సొరుగు, అంతే. ఒక గది మొత్తం ఒకేరోజు తీయొద్దు. రోజుకో అర చొప్పున రెండు పడకగదుల ఇంటికి ఆరేడు వారాలు పడుతుంది. సంచులు మాత్రం ప్రతి ఆదివారం ఇల్లు దాటాలి. రెండు వారాలు మూలన ఉంటే ఎవరో ఒకరు విప్పి, "ఇది బాగానే ఉందిగా" అని సగం వెనక్కి తీస్తారు.

వంటగట్టు

గట్టు మీదున్నవన్నీ తీసి నేల మీద పాత దుప్పటి పరిచి పెట్టండి. గట్టు కడిగి తుడిచాక, నిన్నటి నుంచి ఈరోజు వరకు నిజంగా వాడినవే తిరిగి పెట్టండి. పొయ్యి, పోపుల పెట్టె, ఒక నూనె పాత్ర, ఉప్పు, టీపొడి, చక్కెర, మిక్సీ, గరిటెల స్టాండు, మంచినీళ్లు. చాలా ఇళ్లలో ఇంతకు మించి రోజూ అవసరం పడదు. టోస్టరు, జ్యూసర్, తేనె సీసా, ప్రొటీన్ పొడి, మూడు రకాల నూనెలు లోపలికి వెళ్లాలి. తరిగే పలక పెట్టుకోవడానికి కనీసం రెండడుగుల గట్టు ఖాళీగా ఉండాలి. అది లేకపోతే ప్రతి వంటకీ ముందు పది వస్తువులు జరపాలి, ఆ జరిపినవి తిరిగి స్థానాల్లోకి పోవు. ఇంట్లో చిందరవందర మొదలయ్యేదే అక్కడ.

వెట్ గ్రైండరును మాత్రం కింది అరలో పెట్టొద్దు. పది కిలోల పైమాటే ఉంటుంది, వంగి ఎత్తలేక నెల తిరిగేసరికి గట్టు మీదే ఉండిపోతుంది. వారానికి రెండుసార్లు ఇడ్లీపిండి రుబ్బే ఇల్లయితే ప్లగ్గు దగ్గర మోకాలి ఎత్తు స్టాండు వేసి దాని మీద ఉంచండి. ఆర్నెల్లుగా రుబ్బకపోతే, దోశపిండి ప్యాకెట్టే కొంటున్నారు కాబట్టి, ఇచ్చేవాటి సంచీ పక్కన పెట్టండి.

గిన్నెలు, డబ్బాలు, మూతలు

కంచాలు, గ్లాసులు ఇంట్లో మనిషికి రెండేసి, వాటిపైన చుట్టాలకు ఆరు. నలుగురున్న ఇంటికి పద్నాలుగు కంచాలు చాలు. అంతకంటే ఎక్కువ మంది వచ్చేరోజున విస్తరాకులు ఎలాగూ తెస్తారు. యాభై మందికి వండే గుండిగలు, పెద్ద గంగాళాలు ఏడాదికోసారి కూడా దిగకపోతే దాచుకోవడం దండగ. ఊళ్లో ఏ టెంటుహౌస్ వాడిదగ్గరైనా అద్దెకు దొరుకుతాయి.

కుక్కర్లు రెండు చాలు, ఒకటి 3 లీటర్లది, ఒకటి 5 లీటర్లది. పాత గ్యాస్కెట్లు సొరుగులో అరడజను ఉంటాయి, ఏది దేనిదో ఎవరికీ తెలియదు. ఒక్కో కుక్కరుకు ఒక్క కొత్త గ్యాస్కెట్ ఉంచి, దానికి కుక్కరు పేరు, లీటర్లు రాసిన టేపు అంటించండి. సాగిపోయినవి పారేయండి. సాగిన గ్యాస్కెట్‌తో మూత పక్కనుంచి ఆవిరి పోతుంది, విజిల్ రాదు. పూత లేచిన నాన్‌స్టిక్ పెనాలు ఎవరికీ ఇవ్వొద్దు, నేరుగా పాత సామానుకు వేయండి.

ప్లాస్టిక్ డబ్బాలన్నీ నేల మీద పరిచి మూతలు పెట్టి చూడండి. మూత లేని డబ్బా, డబ్బా లేని మూత ఆ పూటే వెళ్లిపోవాలి. హోటల్ పార్సిల్‌తో వచ్చే నల్ల డబ్బాలు ఆరు ఉంచుకోండి. ఎవరికైనా కూరో పులిహోరో ఇచ్చి పంపడానికి అవి పనికొస్తాయి, తిరిగి రాకపోయినా బాధ ఉండదు.

పేర్లు చెక్కించిన స్టీలు గిన్నెల దగ్గర అందరి చెయ్యీ ఆగుతుంది. పెళ్లికి మేనమామ ఇచ్చినది, గృహప్రవేశానికి పిన్ని ఇచ్చినది. వాటిలో రోజూ వాడదగ్గ సైజువి వాడకంలోకి తెచ్చి, పేరు లేని మామూలు గిన్నెలను తీసేయండి. కొత్త గిన్నె దాచి సొట్టల గిన్నెలో వండుకోవడం వల్లే సామాను రెండింతలవుతోంది.

ఇత్తడి, రాగి, కంచు అమ్మేటప్పుడు స్టీలుతో, సత్తుతో కలిపి ఒకే మూటగా ఇవ్వొద్దు. మూటగా ఇస్తే తక్కువ ధరే అన్నిటికీ కట్టేస్తారు. లోహం వారీగా విడదీసి, ఇంట్లో బరువు చూసుకుని, కనీసం రెండు చోట్ల ధర కనుక్కోండి. పాత బట్టలకు, పాత సామానుకు మారుగా టబ్బులూ స్టీలు గిన్నెలూ ఇచ్చేవాళ్లు వీధిలోకి వస్తారు. ఆ బేరం వద్దు. సంచి ఖాళీ చేసి తిరిగి గిన్నెలే తెచ్చుకున్నట్టవుతుంది. ఇస్తే డబ్బుకివ్వండి, లేకపోతే ఊరికే ఇచ్చేయండి.

పప్పులు, పొడులు, బియ్యం

డబ్బా సైజు కొనే ప్యాకెట్ సైజును బట్టి ఉండాలి. కిలో కందిపప్పు కొనే ఇంట్లో ముప్పావు కిలో డబ్బా ఉంటే మిగిలిన పావు రబ్బరుబ్యాండు వేసుకుని అర మూలకు చేరుతుంది. పురుగు ముందు ఆ ప్యాకెట్లోనే పడుతుంది, అక్కడి నుంచి శనగపిండికీ రవ్వకూ పాకుతుంది. పప్పుకైనా బియ్యానికైనా లీటరు డబ్బాలో సుమారు 800 గ్రాములే పడతాయి. కాబట్టి కిలో ప్యాకెట్‌కు లీటరున్నర డబ్బా తీసుకోండి. బియ్యం సంచి ఇప్పుడు చాలాచోట్ల 26 కిలోలది. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేశాక మిల్లులవాళ్లు కిలో పెంచారు. పాత 25 కిలోల డ్రమ్ములో అది పట్టక, ఆ చివరి కిలో సంచితోపాటు పక్కన నిలబడి ఉంటుంది. అదే కొలతలో చూస్తే 26 కిలోలకు 33 లీటర్ల డ్రమ్ము కావాలి.

పాత పప్పు అడుగున ఉండగానే పైన కొత్తది పోయొద్దు. అడుగునున్నదాంట్లో పురుగు గుడ్లుంటే కొత్తదంతా పోతుంది. డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యాక కడిగి, ఎండలో బోర్లించి, తడి లేదని చూసుకుని నింపాలి. మూత మీద టేపు అంటించి నింపిన తేదీ రాయండి.

ఏడాదికి సరిపడా ఎండాకాలంలోనే కొనిపెట్టుకునే అలవాటును చిన్న ఫ్లాట్లో అన్నిటికీ పాటించలేం. చింతపండు, ఎండుమిరపకాయలు, ఊరగాయ వరకు ఏడాదికి ఉంచుకుని, పప్పులు రెండు నెలలకు మించి తేకండి. ఊరగాయకు రెండు జాడీలు, ఏడాదంతా ఉండే పెద్దది, బల్ల మీదకు తీసుకునే చిన్నది. నిరుటి ఆవకాయ ఉగాది లోపు తినేయడమో పంచేయడమో అయిపోవాలి. కొత్తది కలిపేనాటికి పెద్ద జాడీ ఖాళీగా లేకపోతే ఆ సంవత్సరం ఇంకో జాడీ కొంటారు, మూడేళ్లకు పెద్ద జాడీలే నాలుగవుతాయి.

కవర్ల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. ఒకే సంచి, అది నిండితే ఇంకోటి చేరదు. 120 మైక్రాన్ల కంటే పల్చని క్యారీబ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధంలో ఉన్నాయి, వాటిని దాచుకోవడంలో అర్థం లేదు, పొడి చెత్తలో వేసేయండి. నాలుగు గుడ్డసంచులు తలుపు వెనక మేకుకు, ఒకటి బండి డిక్కీలో ఉంచండి. అవి చేతికి అందేచోట లేకే కవర్లు ఇంటికొస్తున్నాయి.

బట్టలు

రోజూ కట్టేవి, బయటికి వెళ్లేటప్పుడు కట్టేవి, పట్టువి అని మూడుగా విడదీయండి. ఒకేసారి బీరువా మొత్తం తీయకుండా ఒక్కో మనిషివి ఒక్కోరోజు చూడండి. కుర్చీ మీదా తలుపు కొక్కేనికీ వేలాడేవి ఒకసారి వేసుకున్నవి, ఉతకడానికి వేయలేనివి, బీరువాలో పెట్టలేనివి. వాటికంటూ గోడకు మనిషికి రెండేసి కొక్కేలు కొట్టించండి. అవి నిండితే ఉతకడానికి వెళతాయి. కుర్చీ ఆ వారమే ఖాళీ అవుతుంది.

పట్టుచీరలు తక్కువ ఉన్నా ఎక్కువ ఉన్నా వాటికి చేయాల్సిన పని ఒకటే. ప్లాస్టిక్ కవరులోంచి తీయండి, లోపల చెమ్మ చేరి జరీ నల్లబడుతుంది. ఉతికిన పాత తెల్ల పంచె ముక్కలో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి విప్పి, నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టండి. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత వెంబడే పట్టు చిట్లుతుంది, జరీ విరుగుతుంది. కలరా ఉండలు వేస్తే గుడ్డలో కట్టి అర మూలన ఉంచండి, జరీకి తగలకూడదు. పసిపిల్లల బట్టల దగ్గర మాత్రం అసలు వేయొద్దు. కొందరు బిడ్డల్లో ఆ మందు ఎర్రరక్తకణాలను దెబ్బతీసి కామెర్లు తెస్తుంది.

జాకెట్టును చీర మడతలోనే పెట్టండి. పెళ్లికి వెళ్లే పూట వెతుకులాట తప్పుతుంది, జత లేనివేవో కూడా తెలిసిపోతాయి. బిగుతైన జాకెట్టు లోపలివైపు తిప్పి చూడండి. కుట్టు పక్కన గుడ్డ వదిలి ఉంటే వదులు చేయించవచ్చు, లేకపోతే ఇచ్చేయాల్సిందే.

వాయనాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు ప్రతి ఇంట్లోనూ పెద్ద సమస్యే. నోములు, పేరంటాలు, శ్రావణ శుక్రవారాలు కలిపితే ఏడాదికి ఒక సంచెడు చేరతాయి. వాటిలో కుట్టించుకోదగ్గ నూలువి, పట్టువి పది ఎంచి ఒక డబ్బాలో పెట్టండి. మిగతావి దర్జీకిస్తే సంచులు, దిండు గలీబులు కుడతాడు. అంతకంటే ముఖ్యం, మీరిచ్చే వాయనంలో ముక్క మానేసి పళ్లు, కొబ్బరికాయ, అరకిలో బెల్లమో పప్పో ఇవ్వండి. తాంబూలానికి లోటేం ఉండదు. నలుగురు అలా మొదలుపెడితే వీధిలో ఇళ్లన్నిటికీ ఈ బాధ సగం తగ్గుతుంది.

మెత్తబడిన నూలు చీరలు నాలుగైదు కలిపి ఒక బొంత కుట్టించవచ్చు. మనిషికో బొంత దాటితే ఆపేయండి. తుడుపు గుడ్డలు పదికి మించి వద్దు. పిల్లల యూనిఫారాలు, స్వెట్టర్లు చిన్నవై పోగానే అదే బడిలో కింది తరగతి పిల్లలకు ఇవ్వండి, జూన్‌లో ఇస్తేనే వాళ్లకు ఉపయోగం. ఎవరికిచ్చినా ఉతికి, గుండీలు కుట్టి, మడత పెట్టి ఇవ్వండి.

కాగితాలు

ఇది తొందరపడకూడని చోటు. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు, ఇంటి వ్యవహారాలు చూసే ఇద్దరూ కూర్చుని చేయాలి. ఇంట్లో కాగితాలున్న చోట్లన్నీ, బీరువా లాకరు, టీవీ కింద సొరుగు, పరుపు కింద, దేవుడి గూటి పక్క, అన్నీ ఒకచోటికి తెచ్చి ఆరు ఫైళ్లుగా విడదీయండి.

1. ఇల్లు, పొలం: రిజిస్టర్డ్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), ప్లాను అనుమతి, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదులు. ఇవి ఎప్పటికీ ఉండాలి.
2. మనుషులవి: పుట్టిన తేదీ, పెళ్లి, మరణ ధ్రువపత్రాలు, చదువు సర్టిఫికెట్లు, కులం ధ్రువపత్రం, పాస్‌పోర్టులు. ఇవీ ఎప్పటికీ.
3. డబ్బు: బీమా బాండ్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పీఎఫ్, పింఛను. లెక్క ముగిసేదాకా.
4. పన్ను: రిటర్నులు, ఫారం 16, వాటి రసీదులు. ఎనిమిదేళ్లవి ఉంచితే నిశ్చింత.
5. వైద్యం: మనిషికో ప్లాస్టిక్ ఫోల్డరు. తేదీ వరుసలో, కొత్తది పైన.
6. వస్తువులు: వారంటీ కార్డులు, బంగారం బిల్లులు. బంగారం బిల్లు బంగారం ఉన్నంతకాలం ఉండాలి, మిగతావి వారంటీ తీరేదాకా.

కరెంటు బిల్లులు ఒక ఏడాదివి చాలు. అసలు దస్తావేజులకు లామినేషన్ చేయించొద్దు. లోపల చెమ్మ చిక్కి సిరా పాకితే మళ్లీ విప్పలేరు, ముద్రలు పరిశీలించడమూ కష్టమవుతుంది. ప్లాస్టిక్ కాని పలుచని ఫోల్డర్లలో, మడతలు పెట్టకుండా ఉంచండి.

ఇంటి అప్పు తీరిపోయిందని ఆ ఫైలు కట్టేసి పైన పెట్టే ముందు మూడు చూడండి. బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం ఉందా, అసలు దస్తావేజులన్నీ జాబితా ప్రకారం తిరిగొచ్చాయా, తనఖా రద్దయినట్టు ఈసీలో ఎక్కిందా. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 2023 డిసెంబరు 1 నుంచి, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు కాగితాలు తిరిగివ్వాలి. ఆలస్యం వాళ్లవల్లే అయితే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలి. బండి అప్పు తీరితే ఆర్సీలో ఫైనాన్సు పేరు తీయించాలి. ఈ పనులు మిగిలిపోయిన ఫైళ్లు మీ ఇంట్లో ఒకటి రెండు ఉండే అవకాశం ఎక్కువ.

ఆధార్, పాన్ జిరాక్సులు ప్రతి ఇంట్లో దొంతర్లుగా ఉంటాయి. మనిషికి రెండు ఉంచి మిగతావి చింపి, నీళ్లలో నానబెట్టి పారేయండి, అలాగే పాత పేపర్లవాడికి వేయొద్దు. డిజిలాకర్‌లోకి ప్రభుత్వ శాఖ నేరుగా జారీచేసిన పత్రం అసలుతో సమానంగా చెల్లుతుంది. మీరు ఫొటో తీసి ఎక్కించింది మాత్రం ఉత్త నకలే. మూసేసిన ఖాతాల చెక్కుబుక్కులు, పాత ఏటీఎం కార్డులు ముక్కలుగా కత్తిరించండి. శుభలేఖలు పెళ్లి అయ్యేదాకా ఉంచి, పసుపు రాసిన భాగం మొక్క మొదట్లో వేసి, మిగతాది పేపర్లలో కలపండి.

మందులు, వైర్లు

మూడు నెలలకోసారి మందుల డబ్బా తిరగేయండి. తేదీ దాటినవి, పేరు కత్తిరించిపోయిన స్ట్రిప్పులు తీసేయాలి. పొడిలో నీళ్లు కలిపి తయారుచేసే పిల్లల యాంటీబయాటిక్ సిరప్ సీసా మీద రాసిన రోజులకు మించి ఉంచొద్దు, సాధారణంగా వారమే. కంటిచుక్కలు తెరిచిన నెలకు పారేయాలి, సీసా మీద తెరిచిన తేదీ రాయండి. పారేసేముందు స్ట్రిప్పులు అడ్డంగా కత్తిరించి, వేరే కవరులో కట్టి, ప్రమాదకర చెత్త అని చెప్పి ఇవ్వండి. మందుల డబ్బా వంటింట్లో, స్నానాలగదిలో వద్దు. వేడికీ చెమ్మకీ మందులు తేదీ కంటే ముందే పాడవుతాయి.

వైర్ల డబ్బా తీసి ఒక్కో ఛార్జరుకు "దేనిది" అని టేపు అంటించుకుంటూ పోండి. ఇంట్లో ఎవరూ చెప్పలేనివన్నీ తీసేయవచ్చు. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోను కనిపిస్తే నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, అంటుకుంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ సామాను రిజిస్టర్డ్ రీసైక్లర్లకే చేరాలి. ఫోనిచ్చే ముందు సిమ్, మెమరీ కార్డు తీసి, ఖాతాల్లోంచి లాగౌటయి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

పిల్లల సామాను

బొమ్మల్లో సగం కళ్లముందు, సగం పెట్టెలో. నెలకోసారి మార్చండి. పెట్టెలోంచి వచ్చినవి కొత్తవాటిలాగే ఆడుకుంటారు, మార్చినప్పుడు ముట్టనివేవో మీకే తెలుస్తుంది. పరీక్షలవగానే నోటుబుక్కుల్లో రాయని పేజీలు చింపి, కుట్టి, రఫ్ పుస్తకం చేయండి. గీసిన బొమ్మలకు పిల్లకో ఫైలు, ఏడాదికి ఇరవై పట్టేది. ఏవి ఉండాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. నాలుగేళ్ల పిల్లలు కూడా ఈ పని శ్రద్ధగా చేస్తారు.

పెద్దవాళ్ల సామాను, దేవుడి గూడు

"అడగాల్సినవి" పెట్టె తెరిచే సమయం భోజనాలయ్యాక, తీరిగ్గా. ఒక్క పూటకు ఐదు వస్తువులకు మించి చూపించొద్దు. "ఇది పారేద్దామా" అని అడిగితే వద్దనే వస్తుంది. "అత్తయ్యా, ఈ మరచెంబు మనమే వాడుకుందామా, చిన్నమ్మాయికి ఇద్దామా" అని అడగండి. ఎవరి చేతికి వెళుతుందో తెలిస్తే పెద్దవాళ్లు సంతోషంగా ఇస్తారు, ఒక్కోసారి వాళ్లే పిలిచి ఇస్తారు. అంతా విన్నాక కూడా ఉంచాలన్నది ఉంచాల్సిందే. వాళ్లకు వాళ్ల ట్రంకుపెట్టె, వాళ్ల అర ఉండాలి, దాంట్లో మీరు చెయ్యి పెట్టకూడదు.

గూట్లో పాత క్యాలెండరు దేవుళ్లు, పగిలిన పటాలు ఉంటాయి. చెత్తలో వేయడానికి మనసొప్పదు, అందుకే రావిచెట్టు మొదట్లో వదిలేస్తారు. అక్కడ అద్దం పగిలి నడిచేవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటుంది. ఏటిలో వేసినా ఫ్రేములు, అద్దాలు అడుగునే ఉంటాయి. ఇంట్లోనే చేసే పద్ధతి ఉంది. ఫ్రేమూ అద్దమూ విడదీయండి. కాగితం పటాన్ని బకెట్ నీళ్లలో పసుపు వేసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున పూర్తిగా నలిగాక కుండీలో మొక్క మొదట్లో మట్టి కప్పండి. ప్లాస్టిక్ పూత ఉన్న పటం ఇలా కరగదు, దాన్ని మాత్రం విడిగా పేపరులో చుట్టి పొడి చెత్తకివ్వాలి. ఈ పని ఇంట్లో పెద్దవాళ్ల చేతుల మీదుగా జరిగితే ఎవరికీ మనసులో శంక మిగలదు. కుంకుమ పొట్లాలన్నీ ఒక భరిణెలోకి, విడి వత్తులన్నీ ఒక డబ్బాలోకి మార్చండి.

గుమ్మం

తాళాలకు ఒక కొక్కెం, హెల్మెట్లకు ఒక అర, చెప్పులు మనిషికి బయట రెండు జతలు. ఆన్‌లైన్‌లో తెప్పించిన పెట్టెను గుమ్మం దగ్గరే విప్పి, పేరూ ఫోన్ నంబరూ ఉన్న కాగితం చింపి, అట్టను మడిచి పేపర్లలో వేయండి. ఫంక్షన్లలో వచ్చిన రిటర్న్ గిఫ్టు ఆ వారంలో వాడకంలోకి రాకపోతే ఇచ్చేవాటి సంచిలోకి వెళ్లాలి, అలమరలోకి కాదు.

ఇదంతా ఇంటావిడ ఒక్కత్తే చేసే పని కాదు. కాగితాలు, వైర్లు, గుమ్మం భర్తకు, బొమ్మలు, పుస్తకాలు పిల్లలకు అప్పగించండి. ఎవరి చోటు వాళ్లు సర్దుకుంటేనే అది సర్దినట్టు నిలుస్తుంది.

ఆఖరికి అటక

కింద చోట్లన్నీ తేలాకే పైకెక్కండి. అప్పటికి కింద ఖాళీ అరలు మిగిలి ఉంటాయి, పైనున్నవాటిలో పనికొచ్చేవి దించుకోవచ్చు. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కొద్దు, నిచ్చెన వేసి ఒకరు పట్టుకోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఒక చివర నుంచి నాలుగడుగులు మాత్రమే దించి, అది తేల్చాకే మిగతాది.

పైన ఉండదగినవి మూడే రకాలు. ఏడాదికోసారి దిగే సంక్రాంతి కొలువు బొమ్మలు, చలికాలం రగ్గులు, ఒకదాంట్లో ఒకటి పెట్టిన సూట్‌కేసులు. టీవీ, ఫ్రిజ్ అట్టపెట్టెలు బదిలీల ఉద్యోగం ఉన్న ఇంటికే అవసరం, వాటినీ విప్పి పలకలుగా మడిచి పెట్టండి. బరువైన ఇత్తడి సామాను పైన వద్దు. ఎక్కించినంత సులువు కాదు దించడం, చెయ్యి జారితే తల మీదే పడుతుంది.

భోగి దగ్గరలో ఈ పని పెట్టుకున్నవాళ్లు పాతవన్నీ మంటలో వేద్దామనుకుంటారు. పిడకలు, ఎండుకట్టె, తాటాకు వరకు సరే. రెక్సిన్ కుర్చీ, ప్లాస్టిక్ బకెట్, రంగు వేసిన చెక్క, ఫోమ్ పరుపు, టైరు కాల్చొద్దు. ఆ పొగ మంట చుట్టూ నిలబడ్డ పిల్లలే పీలుస్తారు.

పైకి వెళ్లే ప్రతి పెట్టెకూ నంబరు వేయండి. ఒక కాగితం మీద నంబరు, అందులో ఏమున్నాయి, పెట్టిన తేదీ రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటించండి. పెట్టె దించినప్పుడు ఆ వరుసలో తేదీ వేయండి. రెండు సంక్రాంతులు దాటినా తేదీ పడని నంబరు ఏదో, తర్వాతిసారి ముందు దాన్నే దించండి.